ఉత్తుత్తి కన్నాల గడియారం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టిన రోజుల్లో, నందిగామ అవతల ఒక ఊరి చర్చికి గోడ గడియారం చేసే పని నా మీద పెట్టారు. అప్పటికి నేను జగ్గయ్యపేటలో చేత్తో అలంకరణ గడియారాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్లో డిజైన్ ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అన్నాను కదా అని పెద్ద హోదా అనుకోవద్దు. యజమాని ప్రసాదు గారు, వడ్రంగి మేస్త్రి, డయల్స్ రాసే రత్నకుమారి, నేను. అంతే మా బలగం. నా కింద పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు, నాకు పని చెప్పేవాళ్ళు మాత్రం అందరూ ఉన్నారు.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ కథలో ముఖ్యురాలైన ఎస్తేరమ్మ గారికి ఇప్పటికీ చదవడానికి కళ్ళద్దాలు అక్కర్లేదు. ఆవిడ నోటికి నేను ఇప్పటికీ జడుస్తాను.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. మేం చేసేవి కొత్త గడియారాలే, కానీ చూడ్డానికి పాతవి. ఎనిమిది పలకల చెక్క చట్రం కింద అద్దాల పెట్టెలో లోలకం ఊగే రకం, రైల్వే ప్లాట్‌ఫారం మీద వేలాడే రెండు ముఖాల రకం, తలమీద చెక్క కిరీటం ఉండే పొడుగాటి రకం. కొనేవాళ్ళు వీటిని రెట్రో అంటారు, మేం పాతరకం అంటాం. చట్రానికి కావలసిన టేకు పడగొట్టిన ఇళ్ళ ద్వారబంధాల నుంచి వచ్చేది. కొత్త టేకుకు ఎంత పాలిష్ పెట్టినా ఆ నలుపు రాదు. డయల్ అంటే గడియారం ముఖం. పల్చటి ప్లైవుడ్ ముక్కకు డ్రాయింగ్ కాగితం అంటించి, రత్నకుమారి దాని మీద అంకెలు రాసేది. అది ఆరాక చిక్కటి టీ డికాక్షన్‌లో దూది ముంచి అద్దితే కాగితానికి యాభై ఏళ్ళ వయసు వచ్చేది. మా షాపులో మనుషులు తాగిన టీ కన్నా డయల్స్ తాగిన టీ ఎక్కువ.

లోపల మాత్రం అంతా ఈ కాలపు సరుకే. గడియారాన్ని నడిపే భాగాన్ని మూమెంట్ అంటారు. మేం వాడేది అరచేతిలో పట్టే నల్ల ప్లాస్టిక్ పెట్టె. ఒక సెల్లు వేస్తే ఏడాది దాకా దాని జోలికి వెళ్ళక్కర్లేదు. కింద ఊగే లోలకం కూడా అలంకారమే. తీగచుట్ట, అయస్కాంతం కలిసి దాన్ని ఊపుతుంటాయి. టైముకూ దానికీ ఏ సంబంధమూ ఉండదు. ఊగడం ఒక్కటే దాని ఉద్యోగం.

ఇక కన్నాలు. పాతకాలపు గడియారం ముఖం మీద రెండు కన్నాలుండేవి. ఒకటి నడకకు, ఒకటి గంట కొట్టడానికి. వారానికోసారి ఆ రెంటిలోనూ కీ పెట్టి స్ప్రింగులు బిగించాలి. సెల్లు గడియారానికి ఆ అవసరం లేదు గానీ, కన్నాలు లేకపోతే ముఖం బోసిగా ఉంటుంది. అందుకని డయల్ మీద రెండు చిన్న గుంటలు తొలిచి, ఇత్తడి రింగులు బిగించి, లోపల నల్లరంగు వేసేవాళ్ళం. మా షాపు భాషలో వాటి పేరు ఉత్తుత్తి కన్నాలు. దూరం నుంచి చూస్తే నేను కూడా మోసపోయేవాణ్ణి.

ఆర్డరు తెచ్చింది ఆ చర్చి కమిటీ కార్యదర్శి ఏసుబాబు గారు. బడిలో లెక్కల మాస్టారు. మర్యాదస్తుడు, కానీ ప్రతిదాన్నీ దిద్దే అలవాటున్నవాడు. చర్చిలో తాతల నాటి గడియారం ఒకటి ఉండేదట. చట్రాన్ని చెదలు తినేశాయి, అది ఆగిపోయి కొన్ని నెలలైంది. చర్చి వార్షికోత్సవం నాటికి దాని చోట అచ్చం అలాంటిదే ఉండాలి, చూసినవాళ్ళకు తేడా తెలియకూడదు, మళ్ళీ ఆగిపోయే బాధ ఉండకూడదు, ఇవీ ఆయన షరతులు. ఫోనులో ఫోటో చూపించారు. ఫోటోతో కొలతలు కుదరవని చెబితే, నాలుగు రోజుల తరవాత పాత గడియారాన్నే గోనెసంచిలో వేసుకుని వచ్చారు. చట్రం చేత్తో ముట్టుకుంటే రాలిపోతోంది. లోపలి ఇత్తడి యంత్రం మాత్రం తుప్పుతో, దుమ్ముతో, సాలెగూళ్ళతో ముద్దకట్టి అలాగే ఉంది.

"ఆ మిషన్ పాతసామాన్లోళ్ళకి వేసెయ్యండి సుభానీ గారూ. మాకక్కర్లేదు" అన్నారాయన.

అలాంటివి పారేసే చెయ్యి కాదు నాది. వయసులో ఉండగా హైదరాబాదులో ఒక గడియారాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాను. అది మూతపడి ఈ యూనిట్లో చేరాక ఇరవై ఏళ్ళపాటు ప్లాస్టిక్ పెట్టెలకు స్క్రూలు బిగిస్తూ గడిపాను. అందుకని ఆ ఇత్తడి ముద్దను కాగితంలో చుట్టి నా బల్ల కింద పెట్టుకున్నాను. పాతదానికి కీ ఎవరు ఇచ్చేవారని మాటవరసకు అడిగాను.

"మా పెద్దమ్మ వరసవుద్ది, ఎస్తేరమ్మ గారని ఒకావిడ. డెబ్భై దాటాయి. ప్రతి శనివారం స్టూలెక్కి ఆవిడే ఇచ్చేది. ఇక ఆవిడకి ఆ బాధ తప్పుద్దిలెండి" అన్నారు మాస్టారు, పుణ్యం మూటగట్టుకుంటున్నవాడిలాగా.

పని హుషారుగా సాగింది. మేస్త్రి ఎనిమిది పలకల చట్రం కట్టాడు. రత్నకుమారి రోమన్ అంకెలు రాస్తుండగా మాస్టారు ఒకసారి చూసిపోదామని వచ్చి, నాలుగు అంకె దగ్గర ఆగిపోయారు. గడియారం ముఖం మీద నాలుగును నిలువు గీతలు నాలుగు పెట్టి రాయడం పాత ఆచారం. ఎదురుగా ఎనిమిది వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఇటుపక్కా అంత బరువు కనబడాలని కొందరు చెబుతారు. నేనది వివరించాను. పిల్లలు పరీక్షలో అలా రాస్తే నేను సున్నా వేస్తానండీ అన్నారాయన. ఆయన ఫోనులోని ఫోటోనే ఆయనకు చూపించాను. తాతల గడియారంలోనూ నాలుగు గీతలే ఉన్నాయి. ఇన్నేళ్ళూ దాని కింద కూర్చుని ప్రార్థన చేసినవాడు దాన్ని ఎప్పుడూ చూడలేదన్నమాట. ఆ రోజు రత్నకుమారి సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది.

వార్షికోత్సవానికి పది రోజుల ముందు, ఒక గురువారం, గడియారం తీసుకెళ్ళి బిగించాం. అప్పుడే ఎస్తేరమ్మ గారిని మొదటిసారి చూశాను. సన్నటి మనిషి, తెల్ల నేత చీర, చేతిలో చిన్న బొత్తాం ఫోను. నడుముకు కట్టుకున్న తాడుకు గడియారం కీ. ఒకప్పుడు ఆ ఊరి అంగన్‌వాడీలో టీచరు. చర్చి కమిటీలో సగం మంది ఆవిడ చేతికింద అ ఆలు దిద్దినవాళ్ళే. కమిటీలో ఆవిడకు ఏ పదవీ లేదు, కానీ ఆవిడ నిలబడి ఉండగా వాళ్ళెవరూ కూర్చోవడం నేను చూడలేదు. భర్త ఉన్నంతకాలం ఆయన కీ ఇచ్చేవారట. ఆయన పోయాక ఆ కీ ఈవిడ నడుముకు చేరింది. శనివారం సాయంత్రం కీ ఇవ్వడం, ఆదివారం పొద్దున గడియారం తొమ్మిది కొట్టగానే తలూపడం ఆవిడ పని. ఆ తల ఊగాకే పాస్టరు గారు మొదటి పాట ఎత్తుకునేవారు.

ఆవిడ గడియారం ముందు నిలబడి చాలాసేపు చూశారు. చట్రం మీద వేలితో తట్టారు. కన్నాల వంక చూసి తృప్తిగా తలాడించారు.

"అచ్చు దిగిపోయింది అబ్బాయ్" అన్నారు. నాకప్పటికి అరవై దగ్గరపడుతున్నాయి. నన్ను ఎవరైనా అబ్బాయ్ అని పిలిచి ఎన్నేళ్ళయిందో.

తరవాత ఆవిడ మాకు టీ పెట్టడానికి ఇంటికెళ్ళారు. సరిగ్గా అప్పుడే నేను కమిటీవాళ్ళకు వెనక మూత తీసి సెల్లు ఎలా మార్చాలో చూపించాను. గంట శబ్దం కూడా చిన్న స్పీకరులోంచి వస్తుందని చెప్పాను. అందరూ బాగుందన్నారు. టీ వచ్చింది, తాగాం, వచ్చేశాం. పెద్దావిడకు ఈ సంగతి మాస్టారు చెబుతారని పాస్టరు గారు అనుకున్నారు. పాస్టరు గారే చెప్పి ఉంటారని మాస్టారు అనుకున్నారు. నిజం చెప్పాలంటే ఎవరికి వాళ్ళు ఆ మాట ఇంకొకరు చెబితే బాగుండునని కోరుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం ప్రసాదు గారికి ఫోను వచ్చింది. ఆయన భోజనం మధ్యలో లేచి మాట్లాడి, మళ్ళీ భోజనానికి కూర్చోలేదట. మర్నాడు పొద్దున నేను షాపులోకి అడుగుపెట్టకముందే ఎదురొచ్చారు.

"ఎవరండీ ఆవిడ? నన్ను పట్టుకుని, ఒరే అబ్బాయ్, నీ గడియారానికి కన్నం చిన్నది పెట్టావు, కొలత తెలియనోడివి ఈ యాపారం ఎందుకు పెట్టావు అంటది!"

నాకు విషయం అర్థమై నవ్వు ఆగలేదు. ఆ తరవాత క్యాలెండరు చూశాను. వార్షికోత్సవం వచ్చే ఆదివారమే.

బస్సులో నందిగామ, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు చేరాను. చర్చిలో గడియారం తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుందని చూపిస్తూ ఆగిపోయి ఉంది. ముఖం మీద కుడిపక్క ఇత్తడి రింగు లేదు, దాని చోట బొటనవేలు పట్టేంత చిల్లు. జరిగింది ఊహించడం కష్టం కాదు. శనివారం సాయంత్రం ఆవిడ స్టూలెక్కి కీ పెట్టారు. గుంట పైపైనే ఉంది కాబట్టి కీ దిగలేదు. కొత్తది కదా, బిగుతుగా ఉందనుకుని గట్టిగా నొక్కి తిప్పారు. రింగు కీతోపాటు ఊడింది, తొలిచిన చోట ప్లైవుడ్ కాగితమంత పల్చగా ఉంటుంది కాబట్టి కీ దాన్ని చీల్చుకుని లోపలికి పోయింది. ఆ తోపుకు మూమెంట్ వదులై ఒక పక్కకు ఒరిగింది. అయినా రాత్రంతా ఎలాగో నడిచింది. పొద్దున సరిగ్గా జనం వచ్చే వేళకు సెల్లు జారి కింద పడింది. ఆ ఆదివారం తొమ్మిది కొట్టలేదు, ఎస్తేరమ్మ గారు తలూపలేదు, పాస్టరు గారు పాట ఎప్పుడు ఎత్తుకోవాలో తెలియక దిక్కులు చూశారట.

కమిటీవాళ్ళు నన్ను పక్కకు తీసుకెళ్ళారు. కన్నాలు లేని డయల్ ఒకటి వేసెయ్యండి, గొడవ వదిలిపోద్ది అన్నారు మాస్టారు. మరి ఆవిడకు ఎవరు చెబుతారని అడిగాను. అందరూ నా వంకే చూశారు.

"మీరైతే బయటోళ్ళు కదండీ. మీరు చెప్తే ఏమీ అనుకోదు" అన్నారు.

సరేనని నేనే చెప్పాను. ఇది సెల్లు గడియారమండీ, దీనికి కీ అక్కర్లేదు, ఆ కన్నాలు అందానికి పెట్టినవి అన్నాను. ఆవిడ గొడవపడతారని అనుకున్నాను. ఆవిడ గొడవపడలేదు. కాసేపు గడియారం వంక చూసి, తరవాత మాస్టారి వంక తిరిగారు.

"అయితే శనివారం నాకేం పని లేదన్నమాట. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా ఏసూ. ఉత్త కన్నానికి స్టూలెక్కా గదరా."

నడుముకున్న తాడు విప్పి, కీ తీసి, మాస్టారి ముందున్న బల్ల మీద పెట్టారు. ఇది చర్చి సొత్తు, నా దగ్గరెందుకు అన్నారు. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు. పాస్టరు గారూ ముట్టుకోలేదు. పెద్దావిడకు స్టూలెక్కే బాధ తప్పిద్దామనుకున్నవాళ్ళకు తాము ఏం తప్పించారో అప్పుడు కనబడింది. నాకు చాలా బాధేసింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యకపోతే ఆ కీ సాయంత్రం దాకా అక్కడే ఉండేట్టుంది. కొలత తీసుకోవాలండీ, నాకివ్వండి అని చెప్పి జేబులో వేసుకున్నాను. కొలత దేనికో అప్పటికి నాకే తెలియదు.

గోడమీంచి దింపిన గడియారంతో ఎక్కిన తిరుగు బస్సులో తెలిసింది. నా బల్ల కింద కాగితంలో చుట్టిన ఇత్తడి ముద్ద ఉంది కదా.

ప్రసాదు గారు ఒప్పుకోలేదు. ఆయన అనుభవం ఆయనది. "సెల్లు గడియారం అమ్మితే కస్టమరు మనల్ని మర్చిపోతాడు సుభానీ గారూ. కీ గడియారం అమ్మామనుకోండి, ఆగినప్పుడల్లా పిలుస్తాడు, ఉరుము ఉరిమినా పిలుస్తాడు. డయల్ మార్చి ఇచ్చేసి చేతులు దులుపుకుందాం" అన్నారు. వృత్తిపరంగా అది సరైన మాటే. కీ యంత్రం వారానికి మూడు నాలుగు నిమిషాలు అటూ ఇటూ పోతుంది. గోడ మీద నిలువుగా వేలాడకపోతే అలుగుతుంది. దానికి నూనె కావాలి, చెయ్యి కావాలి.

"చెయ్యి ఉందండీ అక్కడ. అదే కదా గొడవ" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అప్పుడు కీ తీసి ఆయన బల్ల మీద పెట్టి, సరే డయలే మారుద్దాం, ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే మాత్రం మీరే మాట్లాడాలి అన్నాను. ఆయన కీ వంక, ఫోను వంక చూశారు. ఎన్నాళ్ళు పడుద్దండీ రిపేరు అని అడిగారు.

ఆ వారం నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన వారం. యంత్రాన్ని విప్పి పళ్ళచక్రాలన్నీ కిరసనాయిల్లో నానబెట్టాను. ఇరుసులు తిరిగే రంధ్రాలను సన్నగా చెక్కిన వెదురు పుల్లతో శుభ్రం చేశాను. సూదిమొన మీద ఒక్కో చుక్క చొప్పున నూనె పెట్టాను. నడక స్ప్రింగు బాగానే ఉంది, గంట స్ప్రింగు తెగి ఉంది. నా దగ్గరి పాతసామాన్ల డబ్బాలో ఇంకో గడియారం స్ప్రింగు ఒకటి సరిపోయింది. చేతులకు పాత పని గుర్తుందా లేదా అని భయపడ్డాను. గుర్తుంది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, చక్రాలన్నీ బిగించి మొదటిసారి టిక్కుమన్నప్పుడు పైకే నవ్వాను.

ఇక మిగతావాళ్ళ విసుగు వినాలి. ఉత్తుత్తి కన్నాలను మేం ముఖానికి నప్పేట్టుగా, ఇటూ అటూ సమానంగా పెట్టేవాళ్ళం. నిజం కన్నాలు మన ముచ్చట చూడవు. లోపల స్ప్రింగు మొన ఎక్కడుంటే అక్కడే రావాలి. ఈ యంత్రానికి అవి కొంచెం కిందికి, ఒకటి కాస్త పక్కకు ఉన్నాయి. ఎడమ కన్నం ఏకంగా ఎనిమిది అంకెను కొరుకుతోంది. దాంతో డయల్ మొత్తం మళ్ళీ రాయాల్సి వచ్చింది.

"అంటే మళ్ళీ టీ కాచాలి. ఈసారి నాక్కూడా ఒక గ్లాసు పోస్తేనే రాస్తా" అంది రత్నకుమారి. పోశాం.

మేస్త్రి సంగతి ఇంకా దారుణం. ప్లాస్టిక్ పెట్టె కోసం కట్టిన చట్రంలో ఇత్తడి యంత్రం పట్టలేదు. పట్టించి చూస్తే లోలకం వెనక చెక్కకు రాసుకుని ఆగిపోతోంది. చట్రం వెనక రెండు వేళ్ళ మందాన ఇంకో చట్రం కట్టించాను. ఆ రెండు వేళ్ళ చెక్క కోసం అతను నాతో ఒక పూటంతా మాట్లాడలేదు. తీరా అన్నీ కుదిరాయనుకుంటే, ఏడింటికి ఎనిమిది గంటలు కొట్టింది. పాత యంత్రాల్లో ముల్లు ఎక్కడుందో గంటకు తెలియదు. దాని లెక్క దానిది, వరసగా కొట్టుకుంటూ పోతుంది. రెంటినీ ఒక దారికి తెచ్చాక శుక్రవారమంతా తప్పు లేకుండా కొట్టింది. ప్రసాదు గారు ప్రతి గంటకూ వచ్చి నిలబడి లెక్కపెట్టి వెళ్ళారు. తనకు అనుమానమని చెప్పారు గానీ, నాకైతే ముచ్చటపడి వస్తున్నట్టే కనిపించింది.

శనివారం మధ్యాహ్నం గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని నందిగామ నుంచి ఆటోలో వెళ్ళాను. ప్రతి గతుకుకూ లోపలి గంట ఒకసారి మోగింది. ఆటో అతను రెండుసార్లు బండి ఆపి, ఎవరి ఫోనండీ అని అడిగాడు.

గోడకు తగిలించాక ఒక పని మిగులుతుంది. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమానంగా వచ్చేదాకా చట్రాన్ని అటూ ఇటూ వెంట్రుకవాసి జరపాలి. దాన్ని బీట్ కుదర్చడం అంటాం. అది చెవితోనే చెయ్యాలి. నిశ్శబ్దంగా ఉండమని అడిగాను. వార్షికోత్సవానికి రంగుకాగితాలు కడుతున్న వాళ్ళు కూడా నిచ్చెనల మీదే ఆగిపోయారు. ఎస్తేరమ్మ గారు రాలేదు. పిలవడానికి మనిషిని పంపితే, కాళ్ళు నొప్పులన్నారట. ఇంకో మనిషిని పంపితే, పని ఉందన్నారట. చివరికి మాస్టారే వెళ్ళి వెంటబెట్టుకొచ్చారు. ఏమని చెప్పి తెచ్చారో నాకు తెలియదు.

ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు. వారం కిందటి గడియారానికి ఈ చప్పుడు లేదు. ఆవిడ ముఖంలో ఏదో కదిలింది, కానీ పైకి తేలనివ్వలేదు. నేను కీ తీసి మాస్టారి చేతికిచ్చాను.

"పెద్దమ్మా, శనివారం గదా" అన్నారాయన.

ఆవిడ కీ తీసుకుని స్టూలెక్కారు. పట్టుకోబోయిన ఇద్దర్ని కసిరారు. కుడి కన్నంలో పెట్టి ఒక మలుపు తిప్పి ఆగారు. లోపల స్ప్రింగు కిర్రుమంది. అక్కడి నుంచి పెదాలతో లెక్కపెట్టుకుంటూ, తొందరపడకుండా, చివరి బిగువు దాకా తిప్పారు. తరవాత ఎడమ కన్నం. దిగి, కీ మళ్ళీ తాడుకు గుచ్చి నడుముకు కట్టుకున్నాక గానీ మా వంక చూడలేదు.

"ఇప్పుడు కుదిరింది కన్నం. పోయినవారం చిన్నది పెట్టారని నే చెప్తే, ఒక్కడన్నా విన్నాడా?"

లెక్కల మాస్టారు నోరు తెరవబోయి మూసుకోవడం నేను చూశాను.

"అవునండీ. కొలత మాదే తప్పింది" అన్నాను.

"పర్లేదులే అబ్బాయ్. దిద్దుకున్నావు గదా" అన్నారావిడ, బడిపిల్లాడి పలక చూసి ఇచ్చేసినట్టు.

మర్నాడు వార్షికోత్సవానికి నన్నూ ప్రసాదు గారినీ పిలిచారు. గడియారం తొమ్మిది కొట్టింది. మొదటి వరసలో ఎస్తేరమ్మ గారు తలూపారు. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. ప్రయాణం కుదుపులకు లోలకం మర కదిలినట్టుంది, నా చేతి గడియారంలో అప్పటికి ఇంకా మూడు నిమిషాలుంది. ఆరాధన అయ్యాక అందరికీ పెట్టే ప్రేమవిందులో కోడికూర వడ్డిస్తుండగా ఆ మూడు నిమిషాల సంగతి ఆవిడ చెవిన వేశాను. లోలకం కింద మరను కాస్త కిందికి తిప్పితే నడక నెమ్మదిస్తుందని కూడా చెప్పాను. అక్కర్లేదన్నారు. ఈ ఊళ్ళో అందరూ ఆలస్యంగా వచ్చేవాళ్ళే, గడియారమన్నా ముందుండాలి అన్నారు. ప్రసాదు గారు ఆ రోజంతా ఆవిడకు రెండు బల్లల దూరం పాటించారు.

ఆ తరవాత రెండేళ్ళకు నేను రిటైరయ్యాను. ఆ రెండేళ్ళలో పనిచేసే తీరులో నేను మార్చినవి రెండే. ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్ళను కొలతల కన్నా ముందు, దీని ఆలనాపాలనా ఎవరు చూస్తారని అడిగేవాణ్ణి. చూసే మనిషి ఉన్నారంటే, ఆ మనిషిని ఒకసారి తీసుకురమ్మనేవాణ్ణి. రెండోది, ఇత్తడి రింగుల డబ్బాను రత్నకుమారి చేతికిచ్చి పూలకుండీల అంచులకు వాడుకోమన్నాను. కన్నాలు లేకపోతే ముఖం బోసిగా ఉంటుందని కొందరు కస్టమర్లు గొణిగారు, ఉండనిమ్మన్నాను. గడియారం ముఖం మీద కన్నం పెట్టామంటే వెనక తిరిగేదేదో ఒకటి ఉండాలి. లేనప్పుడు కన్నం పెట్టకూడదు, ఎందుకంటే కీ ఉన్న మనిషి ఎక్కడో ఒకచోట ఉంటారు.